కుండలో నీళ్లు మార్చినారా?

2022 ఫిబ్రవరి 13, ఆదివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా ఆయన చీర కొంగును "తోక" అన్నారు.

ధర్మవరంలో మాది పట్టుచీరల అంగడి. మాఘమాసం, పెళ్లిళ్ల కాలం. కంబదూరు నుంచి ఒక కుటుంబం పెళ్లికూతురి చీర కోసం వచ్చింది. మా ఆయన పరుపు మీద కూర్చుని చిలకపచ్చ చీర విప్పారు. అంచు చూపించారు, బుటాలు చూపించారు. కొంగు చేతిలోకి తీసుకుని ఆగిపోయారు. కొంగు చేతిలో ఉంది, మాట నోటికి రావడం లేదు. పెదవులు రెండుసార్లు కదిలాయి. తర్వాత, "దీని... దీని తోక చూడండమ్మా" అన్నారు.

పెళ్లికూతురు కిసుక్కున నవ్వింది. వాళ్ల మేనత్త, "ఏమప్పా, చీర అమ్ముతాండావా, ఎనుమును అమ్ముతాండావా?" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ చీర అమ్ముడుపోయింది కూడా. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నేను మాత్రం గోడ గడియారం వైపు చూశాను. ఎందుకు చూశానో అప్పుడు తెలియదు. తేదీలు, లెక్కలు నా మనసులో వాటంతట అవే నిలుస్తాయి. అది చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. అంగడి పెట్టిన 1978 నుంచి ఆయన కొంగు అనే మాట పలకని రోజు పండగ రోజు మాత్రమే. అలాంటి మాట పోయిందంటే అది అలసట కాదని నాకు ఆ నిమిషంలోనే తెలిసింది.

ఇప్పుడు గండం గడిచింది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. మా ఇంటివంటి ఇళ్లు ఇంకా ఉంటాయి. వాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

ఆ వేసవిలోనే రంగుల పేర్లు పోవడం మొదలైంది. ఉల్లిపొట్టు రంగు పోయింది. వంగపండు రంగు పోయింది. నెమలికంఠం చాలా రోజులు నిలిచింది, అదీ పోయింది. చివరికి అన్నిటికీ "ఆ రంగు" అనేవారు. అయితే గిరాకీ వచ్చి "వంగపండు రంగు చూపించన్నా" అంటే మాత్రం, బీరువా ముందు నిలబడి నేరుగా ఆ చీర మీదే చెయ్యి వేసేవారు. పేరు విని తెలుసుకోగలిగేవారు, తాను పలకలేకపోయేవారు. అలా ఒక తలుపు మూసుకుపోయినా, ఇంకొకటి తెరిచే ఉంది.

మా అంగడిలో ముప్పై ఏళ్లుగా చీరలు మడిచే ఖాజా ఈ సంగతి నాకంటే ముందే గమనించాడు. కానీ పైకి అనలేదు. ఆయన చెయ్యి చాపగానే, "నెమలికంఠమా అన్నా? ఇదో, తీస్తాండా" అంటూ పేరు తానే చెప్పేసేవాడు. ఆయన "ఊఁ, అదే" అనేవారు. చూసేవాళ్లకు ఏమీ తెలిసేది కాదు. అలా ఖాజా ఎనిమిది నెలలు ఆయన పరువు కాపాడాడు. నేను అడిగితే, "మాట అందించడంలో ఏముంది వదినా, చీరలు అందించేవాణ్ణే కదా" అన్నాడు.

2022 నవంబరులో బెంగుళూరు వెళ్లాం. మా అబ్బాయి భాస్కర్, నేను, ఆయన. పొద్దున రైలు. ఆసుపత్రిలో మెదడు జబ్బుల విభాగం ముందు ఇనుప కుర్చీల వరసలో కూర్చున్నాం. పక్కనే కణేకల్ నుంచి వచ్చిన ఒకామె, తన తల్లిని తీసుకుని వచ్చింది.

"ఏమన్నా, యాడనుంచి వచ్చినారు?" అని ఆయన్ని అడిగింది.

"ధర్మవరం అమ్మా. మీరు బాగుండారా? వానలెట్లుండాయి?" అన్నారు ఆయన తడబాటు లేకుండా.

ఆమె నా వైపు తిరిగి, "అన్నకేమీ లేదే! బాగా మాట్లాడుతాండాడు. మా అమ్మను చూడు, నన్నే ఎవురివే అంటాది" అంది. తన సంచిలోంచి వేరుశనగ ఉండలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఉండ తీసుకుని, ఆమె కట్టుకున్న చీర అంచును రెండు వేళ్లతో తడిమి, "ఇది మన ఊరి సరుకే" అన్నారు. నిజమే. ధర్మవరం చీరే. నాకు ఆ వేళ భయం నిండా ఉన్నా, ఆ మాటకు గర్వంగానే అనిపించింది.

లోపల డాక్టరమ్మ చిన్న వయసామె. తెలుగు ఆమె. బొమ్మలు చూపిస్తూ పేర్లు అడిగింది. దువ్వెన చూసి "తలకు" అన్నారు. గొడుగు చూసి "వాన" అన్నారు. ఒంటె బొమ్మ చూపిస్తే చాలాసేపు పరీక్షగా చూసి, "ఇది మన బేరం కాదమ్మా" అని అట్ట ఆమె చేతికి తిరిగి ఇచ్చారు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఒకటి నుంచి ఇరవై వరకు లెక్కపెట్టమంటే ఒక్క అంకె జారకుండా చెప్పారు. వారాలు చెప్పారు.

"మీ భార్య పేరేమిటి?" అని అడిగింది.

ఆయన నన్ను చూశారు, తల వంచుకున్నారు. ఆమె కాగితం మీద ఏదో గుర్తు పెట్టబోయింది.

"అది తప్పు కింద వెయ్యొద్దమ్మా" అన్నాను. "ఆయన పెళ్లయినప్పటి నుంచీ నా పేరు పలకలేదు. ఏమ్మే అంటాడు. నేనూ ఆయన పేరు పలకను. మా ఇండ్లల్లో అంతే."

డాక్టరమ్మ కలం ఆపింది. "అయితే ఈ ప్రశ్నే తీసేస్తాను" అంది. తీసేసింది.

పరీక్షలన్నీ అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. మతిమరుపు జబ్బుల్లో ఇది ఒక రకం. ఇందులో మొదట దెబ్బ తినేది జ్ఞాపకం కాదు, మాట. మెదడుకు ఎడమ పక్కన, చెవి దాపుల్లో, వస్తువుల పేర్లూ వాటి అర్థాలూ ఉండే చోటు కరిగిపోతూ వస్తుందట.

నేను అంగడి మనిషిని. నాకు తెలిసిన తీరులో అడిగాను. "చీర ఉండి దాని మీది చీటీ ఊడిపోయిందా, లేక చీరే పోయిందా?"

"ఇప్పటికి చీటీలు ఊడుతున్నాయమ్మా. తర్వాత్తర్వాత చీరలు కూడా పోతాయి" అంది.

భాస్కర్ లేచి బయటికి వెళ్లాడు. నేను ఇంకో ప్రశ్న అడిగాను. "మరి ఇరవై దాకా ఎట్ల చెప్పినాడు? వానలెట్లుండాయని ఎట్ల అడిగినాడు?"

"ఏళ్ల తరబడి ఒకే తీరుగా పలికి పలికి గట్టిపడ్డ మాటలు వేరేగా ఉంటాయమ్మా. వాటిని ఒక్కో మాటగా వెతికి కూర్చుకోనక్కర్లేదు. మొత్తంగా ఒక్కసారే వస్తాయి. అవి చాలాకాలం నిలుస్తాయి. పాటలు, తిట్లు, పలకరింపులు, లెక్కలు. అట్లాంటివి వచ్చినప్పుడు పిచ్చిమాటలని కొట్టేయకండి. అర్థం లేకపోవచ్చు, ఉండనూ వచ్చు. మీరే చూసుకోవాలి" అంది.

అర్థం లేకపోవచ్చు, ఉండనూ వచ్చు అన్న ఆ మాట మీదే తర్వాత ఏడాదిన్నర మా ఇంట్లో తగాదా నడిచింది. ఆయన మాట్లాడుతున్నాడా, ఊరికే నోరు ఆడిస్తున్నాడా? మాట్లాడుతున్నాడు అన్నాను నేను. నోరు ఆడిస్తున్నాడు అన్నాడు మా అబ్బాయి. కొట్లాడి గెలవాలని కాదు. మాట్లాడే మనిషిని ఒక రకంగా చూస్తారు, మాటలేని మనిషిని ఇంకో రకంగా చూస్తారు. ఆయన్ని ఆ రెండో వరసలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ మా అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. లేకపోతే తర్వాతిది అర్థం కాదు.

అంగడి భాస్కర్ చేతికి వచ్చాక చీరలన్నిటికీ రేటు చీటీలు పడ్డాయి. మా కాలంలో బేరమే. ఆయన పరుపు మీద, నేను గల్లా దగ్గర. బేరం మధ్యలో భార్యాభర్తలు మొహాలు చూసుకుంటే గిరాకీలు పసిగట్టేస్తారు. అందుకని మేం ఇద్దరం కొన్ని మాటలు అనుకున్నాం. "దీపం కొంచెం తగ్గించండి" అని ఆయన అంటే రేటు కొంచెం దిగమని. "కర్పూరం అయిపోయింది" అంటే వీళ్లు కొనేవాళ్లు కాదు, చూసి పోయేవాళ్లు, ఇంక విప్పడం చాలు అని. మూడోది, "కుండలో నీళ్లు మార్చినారా?" అంటే ఈ చీరలో నా చేతికి తప్పు తగిలింది, పోగు తెగిందో, జరీ లేచిందో, దీన్ని అమ్మకూడదు, లోపలికి తీసుకుపొమ్మని. దానికి నా జవాబు, "మార్చలేదు, ఇప్పుడు మారుస్తా." అలా అని లేచి, ఆ చీర మడిచి చంకన పెట్టుకుని లోపలికి పోయేదాన్ని. తప్పున్న చీర తెలిసి తెలిసి మా అంగడి గడప దాటలేదు. ఇది నేను ఎవరి ముందైనా చెప్పగలను.

2023 మార్చి. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి బీరువా మొత్తం దింపించారు. ఖాజా విప్పుతున్నాడు, భాస్కర్ పొగుడుతున్నాడు. మూలన కూర్చున్న ఆయన ఉన్నట్టుండి, "కర్పూరం అయిపోయింది" అన్నారు.

భాస్కర్ మొహం ఎర్రబడింది. "నాయనా, ఇది గుడి కాదు, అంగడి. కొంచెం ఊరుకో."

ఖాజా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకూ నవ్వు ఆగలేదు. ఆ ఇద్దరూ, "మళ్లీ వస్తాంలే అన్నా" అని లేచి పోయారు.

"చూసినావా భాస్కరా?" అన్నాడు ఖాజా. "నువ్వు గంట నుంచి కనుక్కోలేనిది అన్న కనుక్కున్నాడు. నువ్వు చదివింది బి.కాం., అన్న చదివింది మొహాలు."

మేం విషయం చెప్పాం. భాస్కర్ నమ్మీ నమ్మనట్టు చూశాడు. "ఒకసారి తగిలినాదిలే మా. ప్రతిసారీ తగల్తాదా?" అన్నాడు.

ప్రతిసారీ తగలదు. నేను లెక్క తప్పి మాట్లాడేదాన్ని కాదు కాబట్టి అదీ ఒప్పుకుంటాను. ఊరికే అన్న రోజులూ ఉన్నాయి. కానీ మంగలి సగం క్షవరం చేస్తుండగా "కర్పూరం అయిపోయింది" అని లేచి నిలబడ్డ రోజు, ఆ మాటకు అర్థం ఇంక చాలని కాక ఇంకేమిటి? మంగలి అతను, "కర్పూరం నేను తెప్పిస్తా పెద్దాయనా, రెండో పక్క తల కూడా ఇటు తిప్పు" అని బతిమాలాడు. ఆ రోజు ఆయన సగం క్షవరంతోనే అంగడిలో దర్జాగా కూర్చున్నారు.

2024 వేసవి వచ్చింది. మా పక్క ఎండలు చెప్పనక్కర్లేదు, మధ్యాహ్నానికి బండపరుపు మీద కాలు పెట్టలేం. అప్పటికి ఆయనకు సొంతంగా కూర్చుకుని చెప్పే మాట ఒక్కటీ లేదు. మనం చెప్పింది కూడా సగమే అందేది. నన్ను "ఏమ్మే" అనడం జనవరిలో ఆగిపోయింది.

ఏప్రిల్ 24, బుధవారం, మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశారు. రాత్రీ అంతే. మర్నాడు గిన్నె చూసి మొహం తిప్పుకున్నారు. మా కోడలు లలిత ఆయనకు అన్నం తినిపించేది. ఓపికైన పిల్ల. పాలల్లో నానబెట్టి, పప్పులో మెదిపి, ఎన్ని విధాలో చూసింది.

"తిను మామా. ఒక్క ముద్ద. నా మీద అలిగినావా?"

"కుండలో నీళ్లు మార్చినారా?" అన్నారు ఆయన.

లలిత చల్లని నీళ్లు తెచ్చింది. చేత్తో నెట్టేశారు. గోరువెచ్చని నీళ్లు తెచ్చింది. నెట్టేశారు. మళ్లీ అదే మాట. ఆ మాట అంగడిలో ఎన్నడూ వినని పిల్ల, ఎండాకాలం, తినే వేళ. ఎవరైనా నీళ్లే తెస్తారు. నేనూ ఒకసారి గ్లాసు అందించాను.

అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. వాళ్లు చూసి, జబ్బు ముదిరితే మింగడం కూడా మరిచిపోతారని చెప్పారు. అది అబద్ధం కాదు, అలా జరుగుతుంది. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపవచ్చు, సోమవారం వచ్చి చేరమన్నారు. వరండాలో గోడకు ఆనుకుని భాస్కర్ ఏడ్చాడు. పెళ్లయి పిల్లలున్నవాడు, తుండుగుడ్డ మొహానికి కప్పుకుని ఏడ్చాడు. అక్కడ ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టి, తన బాటిల్లోని మజ్జిగ వాడికి ఇచ్చి, ఏమీ అడక్కుండా మళ్లీ ఊడ్చుకుంటూ పోయింది. ఆమెకు నేను దండం కూడా పెట్టలేకపోయాను.

ఇంటికొచ్చాక శనివారం సాయంత్రం భాస్కర్ సంచి సర్దుతున్నాడు. లలిత ఇంకొకసారి గిన్నె పట్టుకుని కూర్చుంది. ఆయన ఆమె చెయ్యి నెట్టి, నా వైపు చూసి, నిదానంగా, స్పష్టంగా అన్నారు. "కుండలో నీళ్లు మార్చినారా?"

నేను అక్కడే నిలబడిపోయాను.

మార్చినారా, అన్నారు. ఇంట్లో ఆయన నన్ను ఎన్నడూ అలా అనరు. తిన్నావా, పండుకున్నావా, మార్చినావా అంటారు. కోడలితోనూ అంతే. 'నారా' అనే ఆ మర్యాద నాకు గిరాకీల ముందు మాత్రమే దక్కేది. నలుగురిలో భార్యను ఏకవచనంలో పిలవకూడదని ఆయన పెట్టుకున్న నియమం అది. పైగా మా ఇంట్లో కుండ లేదు. ఫ్రిజ్ వచ్చి ఎన్నేళ్లో అయింది. ఈ నాలుగు రోజులుగా ఆయన ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నది అంగడి మాట. నీళ్లు అడగడం లేదు. తప్పు తగిలిందని చెబుతున్నారు.

"మార్చలేదు. ఇప్పుడు మారుస్తా" అన్నాను.

ఆయన భుజాలు దిగాయి. నాలుగు రోజులుగా బిగబట్టినదేదో వదిలినట్టు పెద్దగా ఊపిరి విడిచారు. లలిత గిన్నె కింద పెట్టింది. "ఏమత్తా? ఏమన్నాడు మామ?"

"యాడనో తప్పుండాదంట."

"యాడ?"

అది చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు. పన్ను, చెవి, గొంతు, కడుపు, అన్ని పేర్లూ పోయాయి. నొప్పి అన్న మాటా పోయింది. చూపించమంటే చూపించడం కూడా అందదు. కానీ చీరలో తప్పు వెతికే పద్ధతి మాకు ఉంది. నేత మగ్గం నుంచి చీర రాగానే మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. నేను అంచు నుంచి మొదలుపెట్టి మడత తర్వాత మడత జరుపుతూ పోయేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని అరచెయ్యి బట్ట కింద ఆనించేవారు. తప్పు తగిలిన చోట "ఊఁ" అని నా చెయ్యి పట్టుకునేవారు. అక్కడ తెల్లదారం కట్టేదాన్ని.

ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను. పాదం దగ్గర మొదలుపెట్టాను. అరచెయ్యి ఆనించి, జరిపి, ఆపి, మళ్లీ జరిపాను. ఆయన చెయ్యి తీసి నా చేతి మీద పెట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే మూసుకున్నారు. పిక్క, మోకాలు, తొడ, పొట్ట. భాస్కర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏం చేస్తాండావు మా?"

"చీర చూస్తాండా. ఊరుకో."

ఛాతీ, భుజం, మెడ. ఏమీ లేదు. కుడి చెంప, ఏమీ లేదు. ఎడమ చెంప మీదుగా దవడ కిందికి చెయ్యి వచ్చింది.

"ఊఁ" అన్నారు. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

భాస్కర్ ఫోన్ లైటు వేశాడు. నోరు తెరిపించడానికి ముగ్గురం పట్టాం. ఎడమ పక్క, కింద, అన్నిటికంటే వెనకాల పన్ను. పంటి చిగురు నేరేడు పండులా ఉబ్బి ఉంది.

సోమవారం ఆసుపత్రిలో చేరలేదు. ధర్మవరంలోనే పళ్ల డాక్టరు దగ్గరికి పోయాం. చీము తీసి, మందులిచ్చి, వారం తర్వాత పన్ను తీశాడు. చీము తీసిన మర్నాడే లలిత రాగిసంగటి చిన్న ఉండలు చేసి పప్పులో ముంచి పెడితే ఒకదాని తర్వాత ఒకటి మింగారు. గిన్నె ఖాళీ అయింది. లలిత గిన్నె తలకిందులు చేసి భాస్కర్‌కు చూపించింది.

భాస్కర్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "మా, ఆ మాటలన్నీ నాకు చెప్పు. ఏ మాటకు ఏ జవాబో అది కూడా చెప్పు" అన్నాడు. చెప్పాను. వాడు చిన్నపిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు అంగడిలో, "మార్చలేదు నాయనా, ఇప్పుడు మారుస్తా" అని వాడు అనడం, ఆయన ఆ జవాబుకు తృప్తిగా తల ఊపడం చూశాను. మా అబ్బాయికి చీరలు అమ్మడం వచ్చు. అది ఎవరికైనా వస్తుంది. ఈ జవాబు చెప్పడం నేర్చుకున్నందుకు నేను వాణ్ణి చూసి పొంగిపోతాను.

అదే ఏడాది ఆగస్టులో బెంగుళూరు డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. "ఆ 'నారా' పట్టుకున్నారు చూడండి" అంది. "నేను అనుకున్నది మాట నిలుస్తుందనే. మర్యాద కూడా దానికి అతుక్కుని నిలుస్తుందని అనుకోలేదు." అనంతపురంలో చెప్పింది తప్పా అని అడిగాను. "తప్పు కాదమ్మా, తొందర. ఒక రోజుకు అదీ రావచ్చు. మీరు సిద్ధంగా ఉండాలి" అంది. సిద్ధంగానే ఉన్నాను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ మనిషి జీవితమంతా ఏ పని చేశాడో ఆ పని మాటలు నేర్చుకోండి. ఆయన బాగున్నప్పుడే నేర్చుకోండి. బస్సు నడిపినవాడైతే బస్సు మాటలు, బడి చెప్పినవాడైతే బడి మాటలు. మా ఇంట్లో అవి మా ఇద్దరికీ వచ్చు కాబట్టి సరిపోయింది. మాలో ఒకరికే వచ్చి ఉంటే ఆయన ముక్కులో గొట్టం ఉండేది, దవడలో చీమూ ఉండేది.

2025లో ఆ మాటలు కూడా వెళ్లిపోయాయి. సంక్రాంతి తర్వాత దీపం మాట వినలేదు. కర్పూరం మాట మేలో ఆఖరు. కుండ మాట చాలాకాలం నిలిచింది. జూన్ 19, గురువారం, సాయంత్రం నాలుగున్నరకు ఖాజాతో అన్నారు. ఖాజాయే, "మార్చలేదన్నా, ఇప్పుడు మారుస్తా" అని జవాబు చెప్పాడు. మళ్లీ అనలేదు.

ఇప్పటికీ పొద్దున పూట ఆయన్ని అంగడిలో పరుపు మీద కూర్చోబెడతాం. గిరాకీలు దండం పెడతారు. కొత్త చీర వచ్చినప్పుడు నేను మడతలు జరుపుతాను, ఆయన అరచెయ్యి బట్ట కింద ఉంటుంది. ఆగస్టులో ఒకరోజు గంధం రంగు చీర మధ్యలో "ఊఁ" అన్నారు. ఖాజా వెలుగుకు పట్టి చూశాడు. నేను చూశాను. భాస్కర్ చూశాడు. అక్కడ ఏ తప్పూ లేదు.

"కట్టు వదినా, దారం. అన్న సంతోషపడతాడు" అన్నాడు ఖాజా.

కట్టలేదు. లేని తప్పు ఉందనడం ఆయన నడిపిన అంగడిలో ఎన్నడూ లేదు. చీర మడిచి బీరువాలో పెట్టాను. ఆయన చెయ్యి మాత్రం కాసేపు వదల్లేదు.

ఈ రోజుకు పోయినవి ఇవి.

రంగుల పేర్లు, అన్నీ.
వస్తువుల పేర్లు, అన్నీ.
కొడుకు పేరు, కోడలి పేరు, ఊరి పేరు.
ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు.
పలకరింపులు.
ఏమ్మే అన్న పిలుపు.
దీపం, కర్పూరం, కుండ.
పన్ను ఒకటి.

నా పేరు ఆయన నోట ఎన్నడూ లేదు కాబట్టి పోయినవాటిలో రాయలేదు.